బ్యాటరీ వ్యాను: కొనే ముందు లెక్క, కదిలే ముందు చార్జింగు

- మా నూజివీడు ప్రతినిధి

మామిడి కోతలు మొదలయ్యాయంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో కూలీల తర్వాత అంత కష్టంగా దొరికేది బండే. కాయ చెట్టు మీదున్నప్పుడు రైతుది. చెట్టు దిగాక దాని ధర ఎండ చేతిలో, బండి చేతిలో ఉంటుంది. ఉదయం కోసిన బంగినపల్లి సాయంత్రానికి మార్కెట్టుకు చేరకపోతే ఎవరికి నష్టమో మీకు చెప్పక్కర్లేదు.

డీజిలు ఖర్చు భరించలేక ఇప్పుడు కొందరు రైతులు బ్యాటరీ వ్యాన్ల వైపు చూస్తున్నారు. చప్పుడుండదు, పొగ రాదు, గేర్ల గొడవ లేదు. నడిపే ఖర్చు డీజిలు బండిలో సగం కూడా కాదు. ఇవన్నీ నిజమే. అయితే ఈ బండి ఎద్దులాంటిది. రాత్రి మేత వేస్తేనే పొద్దున బరువు లాగుతుంది. డీజిలు అయిపోతే డబ్బాలో తెచ్చి పోసుకోవచ్చు, కరెంటును డబ్బాలో తేలేం. అందుకే లెక్క తెలియకుండా ఈ బండి జోలికి పోవద్దు. ఆ లెక్కేమిటో, చార్జింగు ఎలా పెట్టుకోవాలో ఈ వారం తెలుసుకుందాం.

ఒక బండి ఎందుకు ఆగింది?

పోయిన ఎండాకాలం ఆగిరిపల్లి దాటాక రోడ్డు పక్కన చెట్టు కింద ఒక బ్యాటరీ వ్యాను ఆగి ఉంది. వెనక నిండా మామిడి ట్రేలు. రైతు ముఖాన నెత్తురు చుక్క లేదు. "బయల్దేరేటప్పుడు యాభై కిలోమీటర్లు పోతుందని చూపించిందండీ, మార్కెట్టు ముప్పై అయిదే కదా అనుకున్నా" అన్నాడు. ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఉదయం ఒకసారి ఖాళీగా ఊళ్ళో తిరిగి వచ్చింది బండి. బ్యాటరీ సగంలో ఉంది. ఆపైన ఎక్కించాల్సిన దానికంటే పదమూడు ట్రేలు ఎక్కువ ఎక్కించారు. ఖాళీగా తిరిగిన అలవాటును బట్టి బండి యాభై చూపించింది. బరువు పడ్డాక ఆ యాభై కరిగిపోయింది.

చివరికి ట్రాక్టరు మాట్లాడుకుని, ట్రేలు మార్చి, కాయ మార్కెట్టు చేరేసరికి పొద్దు వాలింది. పొద్దున పలికిన ధర అప్పటికి లేదు. ట్రాక్టరు కిరాయి అదనం. ఆ రోజు తప్పు బండిది కాదు, లెక్కది.

బండ్లు ఎన్ని రకాలు?

మన ప్రాంతానికి పనికొచ్చేవి రెండు రకాలు. మొదటిది మూడు చక్రాల సరుకు ఆటో. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా ట్రియో జోర్ ఇలాంటిదే. దీని బ్యాటరీలో 7.37 యూనిట్ల కరెంటు పడుతుంది. రెండోది నాలుగు చక్రాల వ్యాను. మనందరికీ తెలిసిన టాటా ఏస్ బండికే బ్యాటరీ రూపం 2022 మేలో చూపించారు, 2023 జనవరి నుంచి కొన్నవారికి ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట వచ్చిన బండిలో 21.3 యూనిట్లు పడతాయి, 600 కిలోల బరువు మోస్తుంది. ఒకసారి నింపితే 154 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ చెప్పింది. టన్ను బరువు మోసే రకం 2024లో వచ్చింది.

ఇక్కడ యూనిట్టు అంటే మీ కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. వెయ్యి వాట్ల హీటరు గంట సేపు వెలిగితే ఒక యూనిట్టు. బ్యాటరీని నీళ్ళ తొట్టిగా అనుకోండి, యూనిట్లు అందులో పట్టే బిందెలు. బండి కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని ఒక్కటే అడక్కండి. ఎన్ని యూనిట్ల బ్యాటరీ అని కూడా అడగండి.

మూడింట రెండు వంతుల లెక్క

కంపెనీ చెప్పే కిలోమీటర్లు పరీక్షలో వచ్చినవి. మన తోట దారి, మే నెల ఎండ, నిండు బరువు ఆ పరీక్షలో ఉండవు. కాబట్టి కంపెనీ చెప్పిన దానిలో మూడింట రెండు వంతులే మనవి అనుకోండి. 154 చెబితే సుమారు 100 కిలోమీటర్లు. అందులోనూ అయిదో వంతు ముట్టుకోకుండా మిగలాలి. అంటే చేతిలో ఉన్నది 80 కిలోమీటర్లు.

ఇప్పుడు దారి చూడండి. నూజివీడు నుంచి నున్న మామిడి మార్కెట్టుకు సుమారు 35 కిలోమీటర్లు. పోను రాను 70. నిండుగా చార్జింగు ఉంటే నాలుగు చక్రాల వ్యాను సరుకు దింపి ఇంటికి తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు ఖాళీ బండి కాబట్టి ఇంకా కొంత మిగులుతుంది కూడా. కాని సగం చార్జింగుతో బయల్దేరితే పైన చెప్పిన రైతు గతే.

అదే కంపెనీ 120 కిలోమీటర్లు అని చెప్పే మూడు చక్రాల బండయితే? మూడింట రెండు వంతులు 80. అందులో అయిదో వంతు తీసేస్తే 64. నున్న పోయి రావడానికి చాలదు. అది తోట నుంచి రోడ్డు దాకా, ఊళ్ళో కొనుగోలు కేంద్రం దాకా, పది పదిహేను కిలోమీటర్ల పనులకు మంచి బండి. ఇక హైదరాబాదు బాటసింగారం మార్కెట్టు మాట తలపెట్టవద్దు. అది లారీల పని.

మీ తోట గట్టు నుంచి మార్కెట్టు గేటు దాకా ఎంత దూరమో మోటారు సైకిలు మీటరు మీద ఒకసారి కొలుచుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. నోటి లెక్క పనికిరాదు.

బరువు: కాయతో పాటు ట్రే కూడా తూగుతుంది

600 కిలోల బండికి 20 కిలోల ట్రేలు 30 వేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఖాళీ ట్రే బరువు మరచిపోతారు. కాయ 20 కిలోలు, ట్రే సుమారు 2 కిలోలు, మొత్తం 22. ఈ లెక్కన 27 ట్రేలే. అంటే ఒక్కో దఫాకు 540 కిలోల కాయ. ట్రేల మీద కూలీలను కూర్చోబెట్టవద్దు. అది చట్టం ఒప్పదు, కాయా నలుగుతుంది.

బరువు ఎక్కువైతే మూడు నష్టాలు. దూరం తగ్గుతుంది. మోటారు, బ్యాటరీ వేడెక్కుతాయి. వేడెక్కితే చాలా బండ్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. చెడిపోయిందేమోనని కంగారుపడకండి, నీడన ఆపి చల్లారనివ్వండి. ఇక మూడోది, బ్రేకు వేసినా బండి త్వరగా ఆగదు. చప్పుడు లేని బండి కనుక ఊళ్ళో పిల్లలు, పశువులు అడ్డం వస్తాయి. హారను కొట్టి నిదానంగా పొండి.

నడిపే పద్ధతి కూడా దూరాన్ని మారుస్తుంది. ఒక్కసారిగా తొక్కకుండా నెమ్మదిగా వేగం పెంచండి. ముందు బండి ఆగుతున్నట్లు కనపడగానే కాలు తీసేయండి. చాలా బండ్లలో అలా కాలు తీసినప్పుడు చక్రం తిరుగుడే కొంత కరెంటు పుట్టించి బ్యాటరీలోకి వెనక్కి పంపుతుంది. టైర్లలో గాలి తక్కువైతే దూరం తగ్గుతుంది. వారానికి ఒకసారి చూపించుకోండి.

మోటారు లైను మీద చార్జింగు వద్దే వద్దు

ఇది కాస్త నిదానంగా చదవండి. మన రాష్ట్రంలో వ్యవసాయ పంపుసెట్లకు 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది. తోటలో బోరు ఉంది, స్టార్టరు డబ్బా ఉంది, కరెంటు ఊరికే వస్తోంది, అక్కడే బండికి వైరు తగిలిస్తే పోలా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. రెండు కారణాల వల్ల అది తప్పు.

ఒకటి చట్టం. పంపుసెట్టు కోసం ఇచ్చిన కరెంటును వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకం అవుతుంది. వాడిన పనికి వర్తించే రేటుకు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలల వాడకంగా లెక్క కడతారు. సీజనంతా మిగుల్చుకున్నది ఒక్క నోటీసుతో పోతుంది.

రెండోది ప్రాణం. బోరు దగ్గర స్టార్టరు డబ్బాకు చాలా తోటల్లో సరైన ఎర్తు ఉండదు. చుట్టూ తడి నేల, చేతికి తడి, కాళ్ళకు చెప్పులు ఉండవు. అక్కడ నుంచి లాగిన వైరుకు ఎక్కడైనా తొక్క ఊడితే బండి ఇనుప బాడీ మొత్తానికి కరెంటు పాకవచ్చు. ట్రే దింపడానికి చెయ్యి వేసిన కూలీ గతేమిటి? ఇంట్లోవాళ్ళకు ఎవరు సమాధానం చెబుతారు? డబ్బుకు వెనకాడి ఈ పని మాత్రం చేయకండి.

ఇంటి దగ్గర చార్జింగు పాయింటు ఇలా

ఇంటి కనెక్షను మీద సొంత బండి చార్జింగు పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో చెప్పింది. బండిని కిరాయికి తిప్పేవారు ఏ కేటగిరీ వర్తిస్తుందో మీ సెక్షను ఆఫీసులో ఏఈ గారిని ముందే అడిగి రాయించుకోవడం మేలు.

ఇంట్లో టీవీ, ఫ్యాను పెట్టే చిన్న ప్లగ్గు పనికిరాదు. 15 లేదా 16 ఆంపియర్ల పెద్ద త్రీపిన్ను కావాలి. వ్యాను చార్జరు దాని మీద సుమారు 3 కిలోవాట్లు గంటల తరబడి లాగుతుంది. ఊళ్ళో చాలా ఇళ్ళకు మంజూరైన లోడు 1 కిలోవాటే. కాబట్టి అదనపు లోడుకు దరఖాస్తు చేయండి. పాయింటు పెట్టేటప్పుడు లైసెన్సున్న ఎలక్ట్రీషియనుతో ఇవి చేయించుకోండి.

మీటరు నుంచి చార్జింగు పాయింటుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించాలి. మధ్యలో అతుకులు ఉండకూడదు.

ఆ లైనుకు విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. కరెంటు ఎక్కడైనా లీకయితే కన్ను మూసి తెరిచేలోగా లైను ఆపేది ఈ ఆర్‌సీసీబీయే. నెలకోసారి దాని మీదున్న టెస్టు మీట నొక్కి చూడండి. పడిపోకపోతే మార్పించండి.

ఎర్తు గొయ్యి తప్పనిసరి. ఎండాకాలం దాన్లో నీళ్ళు పోస్తుండాలి.

ప్లగ్గు వాన తగలని చోట, పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. పొడిగింపు బోర్డులు, చుట్టచుట్టిన వైర్లు వాడవద్దు. చుట్టలో వేడి పుట్టి వైరు కాలుతుంది.

మన ప్రాంతానికి ఇంకో మాట. మామిడి మాగవేయడానికి, ట్రేల్లో పరవడానికి తెచ్చిన వరిగడ్డి సాధారణంగా బండి పెట్టే పాకలోనే ఉంటుంది. గడ్డి వాము పక్కన చార్జింగు పెట్టవద్దు. నిప్పురవ్వ చాలు. గడ్డిలో ఎలుకలు చేరతాయి, వైర్లు కొరుకుతాయి. బండి చుట్టూ నాలుగైదు గజాలు ఖాళీగా ఉంచండి.

ఎప్పుడు పెట్టాలి? ఎంతసేపు?

మార్కెట్టు నుంచి వచ్చీరాగానే ప్లగ్గు తగిలించవద్దు. మే నెలలో రోడ్డు వేడికి, బరువుకు బ్యాటరీ కాగి ఉంటుంది. ఒక గంట నీడన చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి. రాత్రి పెట్టడం అన్నిటికన్నా మంచిది.

70 కిలోమీటర్లు తిరిగి వస్తే సుమారు 15 యూనిట్లు ఖర్చవుతాయి. చార్జింగులో పోయే కరెంటు కలిపి మీటరు 17 దాకా తిరుగుతుంది. 3 కిలోవాట్ల మీద అది ఆరు గంటల పని. రాత్రి 10 గంటలకు పెడితే తెల్లవారుజామున 4 గంటలకు పూర్తవుతుంది.

దారిలో త్వరగా నింపే చార్జింగు కేంద్రాలు ఉన్నాయి కదా అని బయల్దేరకండి. వాటిలో ఎక్కువగా ఉండే సీసీఎస్-2 ప్లగ్గు చాలా మూడు చక్రాల బండ్లకు పట్టదు. నాలుగు చక్రాల బండి అయినా ఆ సౌకర్యం ఉన్న రకమేనా అని కొనేటప్పుడే అడగండి. ఒకసారి ఖాళీ రోజున వెళ్ళి పెట్టి చూసుకోండి. కాయ బండిలో ఉండగా ప్రయోగాలు వద్దు.

గాలివాన నేర్పే పాఠం

మన తోటలకు అసలు పరీక్ష మే నెల గాలివాన. ఒక్క రాత్రిలో కాయ రాలిపోతుంది. రాలిన కాయ ఆ మర్నాడే కదలాలి, లేకపోతే పారబోయడమే. సరిగ్గా ఆ రాత్రే స్తంభాలు పడి కరెంటు ఉండదు. రేపు పెడదాంలే అని బండిని పావు చార్జింగుతో వదిలేసిన రైతు అప్పుడు రెండు విధాలా నష్టపోతాడు.

అందుకే సీజను రెండు నెలలూ ఒక నియమం పెట్టుకోండి: పని ఉన్నా లేకున్నా చీకటి పడేసరికి బండిలో 80 శాతానికి తగ్గకుండా చార్జింగు ఉండాలి. మర్నాడు మార్కెట్టు ప్రయాణం ఉంటే ఆ రాత్రి నూరు శాతం నింపండి. ఉరుములు, మెరుపులు మొదలైతే మాత్రం వెంటనే స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేయండి. లైను వోల్టేజీ బాగా ఎగిరి పడుతున్నా అంతే.

ఖర్చు లెక్క: రెండెకరాల రైతుకు కొనడం లాభమా?

యూనిట్టు రూ.10 అనుకుందాం. నున్న పోయి రావడానికి 17 యూనిట్లకు రూ.170. అదే డీజిలు వ్యానుకు 4 లీటర్లు, లీటరు రూ.95 అనుకుంటే రూ.380. దఫాకు రూ.210 మిగులు.

రెండెకరాల తోట, ఎకరాకు 3 టన్నుల దిగుబడి అనుకోండి. మొత్తం 6 టన్నులు. దఫాకు 540 కిలోల చొప్పున 12 దఫాలు. మిగులు రూ.2,520. ఏడాది మొత్తానికి! దీంతో బ్యాంకు వాయిదా ఒక్క నెలది కూడా తీరదు. కాబట్టి చిన్న రైతు తన తోట కోసమే బండి కొంటే అప్పులో దిగినట్లే.

మరి ఎవరికి లాభం? అయిదారుగురు రైతులు కలిసి కొనుక్కుని వంతుల వారీగా వాడుకుంటే, సీజను అయ్యాక కూరగాయలు, పాలు, కొబ్బరి, ఎరువుల బస్తాలు ఏడాది పొడవునా తిప్పితే ఆ బండి తన వాయిదా తనే కట్టుకుంటుంది. కలిసి కొంటే చార్జింగు ఎవరింట్లో, కరెంటు బిల్లు ఎవరి వాటా ఎంత, డ్రైవరు ఎవరు అన్నవి ముందే కాగితం మీద రాసుకోండి. ఇంటి మీటరులో వాడకం పెరిగేకొద్దీ యూనిట్టు రేటూ పెరుగుతుందని మరవకండి. పాయింటు దగ్గర చిన్న సబ్ మీటరు పెట్టిస్తే తగవులుండవు.

కొనే స్థోమత లేదనుకుంటే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కిరాయికి మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడు చార్జింగు ఎంత ఉందో చూపించమని అడగండి. అడిగే హక్కు మీది, కాయ మీది.

కాగితాల సంగతి

కిరాయి బ్యాటరీ బండికి నంబరు ప్లేటు ఆకుపచ్చ రంగులో, అంకెలు పసుపులో ఉంటాయి. సొంతానికయితే అంకెలు తెలుపు. బ్యాటరీ రవాణా బండ్లకు పర్మిటు అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబరులో తేల్చింది. రిజిస్ట్రేషను రుసుము 2021 ఆగస్టులో రద్దయింది. ఇన్సూరెన్సు మాత్రం తప్పదు. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. సబ్సిడీలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. డీలరు నోటిమాట నమ్మక, బిల్లులో ఎంత తగ్గిస్తారో రాయించుకోండి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు, ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారు అన్నది కూడా రాతలోనే ఉండాలి.

గుర్తు పెట్టుకోండి

* బ్యాటరీని పూర్తిగా సున్నాకు తేవద్దు. 20 శాతం రాగానే ఇంటి ముఖం పట్టండి.

* స్ప్రే పంపుతో బండి కిందిభాగం కడగవద్దు. తడిగుడ్డతో తుడవండి. నీళ్ళు నిలిచిన వాగుల్లో దింపవద్దు.

* నారింజ రంగు వైర్లను మీరు గాని, ఊరి మెకానిక్కు గాని ముట్టుకోవద్దు. వాటిలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

* ఆగిపోయిన బండిని తాడు కట్టి లాగించవద్దు. చక్రాలు తిరిగితే మోటారు పాడయ్యే ప్రమాదముంది. వేరే బండి మీదికి ఎక్కించి తీసుకురండి.

* పొగ గాని, మాడు వాసన గాని వస్తే అందరూ దూరంగా జరిగి 101కి ఫోను చేయండి. సరుకు కోసం దగ్గరికి పోవద్దు.

* సీజను అయ్యాక బండిని పక్కన పెడితే సగం చార్జింగుతో నీడన ఉంచండి. పదిహేను రోజులకొకసారి చూస్తుండండి.

రైతు సోదరులారా! ఎద్దుల బండి కట్టిన రోజుల్లో మన పెద్దలు పొద్దున్నే ఎద్దు డొక్క చూసి గాని కాడి ఎత్తేవారు కాదు. ఇవాళ చూడాల్సింది చార్జింగు ముల్లు. అది చూసి, మీరు కొలిచి రాసుకున్న దూరంతో సరిచూసి, అప్పుడే తాళం తిప్పండి. మీ కాయ వేళకు మార్కెట్టు చేరుతుంది, మీ బండి చీకటి పడకముందే ఇల్లు చేరుతుంది.